ధూళి వలయాలూ బావ చూపూ

నేను పీహెచ్‌డీలో చేరేనాటికి మాకు పెళ్లై ఆరేళ్లు. మా ఆయన నాకు మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచేదాన్ని, పెళ్లయ్యాకా అదే పిలుపు. బావ ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో ఇనుము చెక్కే లేత్ మిషన్ నడిపేవాడు. నేను గాజువాకలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని.

నా పరిశోధన దగ్గరి నక్షత్రాల చుట్టూ ఉండే ధూళి వలయాల మీద. గ్రహాలు ఏర్పడగా మిగిలిన రాళ్లూ మంచుగడ్డలూ ఒకదాన్నొకటి గుద్దుకుంటే రేగే ధూళి అది. ఆ వలయం ఎంత ఒరిగి ఉంది, నక్షత్రం తన చుట్టూ తాను తిరిగే అక్షం ఎంత ఒరిగి ఉంది, ఆ రెండూ సరిపోతాయా లేదా అన్నది నేను తేల్చాలి. పెద్ద టెలిస్కోపులు తీసిన చిత్రాలు ఇంటర్నెట్‌లో దొరికేవి. ఆదివారం మధ్యాహ్నాలు వాటిని ముందేసుకుని కూర్చునేదాన్ని.

ఒక ఆదివారం బావ భోంచేసి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఏటే ఇది, కోడిగుడ్డా?"

"కాదు బావా, గుండ్రటి రింగే. ఒరిగుంది కదా, అందుకే కోలగా అవుపడతంది."

"మరి మనేపు ఒరిగింది పై అంచా, కింది అంచా?"

తెల్లబోయాను. వలయం ఎంత ఒరిగిందో ఆకారాన్ని బట్టి చెప్పొచ్చు గానీ, ఏ అంచు మనకు దగ్గరో చెప్పలేం. ఆ సంగతి బుర్రకెక్కడానికి నాకు నెల పట్టింది. సన్నటి ధూళి తన మీద పడ్డ వెలుగును అది వెళ్లే దిక్కులో ముందుకే ఎక్కువ చిమ్ముతుంది కాబట్టి, ఎక్కువగా మెరిసే అంచే మనకు దగ్గరిదని అనుకుంటామని చెప్పాను.

"అంటే అనుకోడమే, కొలిసింది కాదు," అన్నాడు బావ. "మా కాడ షాఫ్టుకి చక్రం బిగించినా ఇదే గొడవ. వెంట్రుకంత తేడా ఉన్నా తిప్పితే తెలిసిపోద్ది. నీ సుక్కని నువ్వు తిప్పలేవు కదా!"

అప్పట్నుంచి ఆదివారాలు నా పక్కన కుర్చీ వేసుకునేవాడు. ఎన్ని డిగ్రీలు ఒరిగిందో కంటితోనే చెప్పేవాడు. నేను లెక్క కట్టి చూస్తే ఇంచుమించు అంతే వచ్చేది. వర్క్‌షాపులో కూడా గేజీ పెట్టి కొలిచేముందు ఆయన్నే చూడమనేవారట.

మూడో ఏడాది, ఒక సాయంత్రం పని నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"మిషను ఎడమేపుకి ఒరిగినట్టు అవుపడతంది. లెవెల్ పెట్టి సూసినాను. బుడగ నడిమధ్యనే ఉంది. నా కంటికి మాత్రం వంకరే."

పత్రికకు పంపిన ఒక వ్యాసం వెనక్కి వస్తే దాని పట్టికలు దిద్దుతున్నాను. తల తిప్పలేదు. "కళ్లద్దాలు మార్చుకో బావా, నలభై దాటాయి కదా," అన్నాను.

మార్చుకున్నాడు. తర్వాత ఒకరోజు గోడమీది కేలండర్ సరిచేస్తున్నానంటూ వంకర చేశాడు. నేను నవ్వి మళ్లీ నిటారుగా పెట్టాను. ఆ తర్వాత ఆయన ఆ మాట నా దగ్గర ఎత్తలేదు. చిత్రంలో అర డిగ్రీ తేడా వస్తే అన్నం సయించని మనిషిని నేను. ఇంట్లో మనిషి గోడ పట్టుకుని నడుస్తున్నాడని గమనించలేదు.

గుమ్మంలో ఆ మాట చెప్పిన రెండు నెలలకు వర్క్‌షాపులో పడిపోయాడు. తోటి పనివాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్కానింగులో మెదడు వెనక భాగాన గడ్డ కనిపించింది.

"నిటారుగా ఉన్నవి ఒరిగినట్టు కనిపిస్తున్నాయని ఎప్పుడైనా చెప్పారా?" డాక్టరు అడిగారు.

"చెప్పాడు."

"ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలు."

ఆయన కాగితం మీద రాసుకున్నారు.

ఆపరేషన్‌కు ముందురోజు బావ పక్కన కూర్చున్నాను.

"నీ సుక్కలు ఏటయ్యాయి? సరిపోయాయా?"

"మించుమించు అన్నీ సరిపోయాయి బావా. సుక్క ఎలా ఒరిగుంటే రింగూ అలాగే ఉంది. ఒకటే తేడాగా ఉంది."

"దాన్ని ఒగ్గేయకు మరి. ఎందుకలాగుందో తేల్చు."

నాకు దుఃఖం ఆగలేదు. "ఆ రోజు నువ్వు చెప్తే నాను వినలేదు బావా."

"నానే గట్టిగా సెప్పలేదులే," అని నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆపరేషన్ తర్వాత ఐదు నెలలు ఉన్నాడు. కళ్లు తెరిస్తే ఇల్లంతా ఒరిగిపోతోందని ఎక్కువగా మూసుకునే ఉండేవాడు. నేను అన్నం కలిపి నోటికందించేదాన్ని. కార్తీకంలో ఒక ఉదయం పోయాడు.

ఏడాది పాటు ఆ చిత్రాలు తెరవలేదు. తెరిచాక, తేడాగా వచ్చిన ఆ ఒక్క నక్షత్రాన్నే ముందు చూశాను. నక్షత్రం ఎంత ఒరిగిందో తేల్చాలంటే అది ఎన్ని రోజులకు ఒక చుట్టు తిరుగుతుందో తెలియాలి. దానిమీది మచ్చలను బట్టి ఆ రోజులు లెక్కగట్టాను, అక్కడే పొరబడ్డాను. రెండు వైపులా రెండు మచ్చలుంటే, అసలు కాలంలో సగమే అనిపిస్తుంది. దిద్ది చూస్తే అదీ తన వలయంతో సరిపోయింది. వంకరది ఒక్కటీ లేదు. పక్కకు తిరిగాను, చెబుదామని. కుర్చీ ఖాళీగా ఉంది.

డిగ్రీ వచ్చింది. కాలేజీలో శాలువా కప్పారు, స్వీట్లు పంచారు. ఇంటికొచ్చి ఆ శాలువాను బీరువాలో, ఆయన చొక్కాల పక్కన పెట్టాను. తలుపు వెయ్యబుద్ధి కాక, చాలాసేపు అక్కడే నేలమీద కూర్చుండిపోయాను.