ఖాళీ వదలని చుక్కక్క

మా తోటికోడలిని ఆఫీసులో ‘చుక్క’ అనేవారు. అందగత్తె అని కాదు. వాక్యం చివర చుక్క లేని కాగితం కంటబడితే, అది రాసినవాళ్లను అందరిలో నిలబెట్టి కడిగేసేది. అందుకు. నేను మాత్రం ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచీ అక్కా అనే పిలిచాను.

ఆమె పని ఇంట్లోనే కూర్చుని డాక్టర్ల మాటలు టైపు చెయ్యడం. డాక్టరు రోగిని చూశాక, ఏం కనిపించిందో, ఏం చెయ్యబోతున్నాడో రికార్డు చేసి పంపిస్తాడు. ఆ గొంతు ఈమె కంప్యూటరులోకి వస్తుంది. చెవులకి హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడలు. పెడలు నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, ఇంకో వైపు నొక్కితే వెనక్కి వెళుతుంది. తలుపు దగ్గర నుంచి చూస్తే కుట్టుమిషను తొక్కుతున్నట్టే ఉండేది.

ప్రతి రిపోర్టుకీ నూరు మార్కులు. కామా పోతే పావు మార్కు కోత. రోగం పేరులో అక్షరం పోతే ఒక మార్కు. మందు కొలత తప్పితే రిపోర్టు మొత్తం సున్నా. పాయింటు అయిదుకి ముందు సున్నా వెయ్యని ఒక పిల్లను అక్క ఫోన్లో వాయించడం నేను విన్నాను.

“ఆ పాయింటు నర్సు కంట పడలేదనుకో, అర గోలీ మింగాల్సినవాడు అయిదు మింగుతాడు. అప్పుడు నువ్వెళ్లి వాళ్లింట్లో ఏడుస్తావా? నాకైతే తీరిక లేదు.”

నా సరుకుల చీటీలో కూడా ఎర్రపెన్నుతో కామాలు పెట్టేది. మా ఆయన పోయినప్పుడు, పేపర్లో వేయించడానికి రాసిన నాలుగు లైన్లు ఆమె చేతికిచ్చాను. ముందు కామా పెట్టింది, తర్వాత కళ్లు తుడుచుకుంది.

వాళ్ల ఆఫీసులో ఒక రూలుంది. మాట తెలియని చోట ఖాళీ వదిలెయ్యాలి. డాక్టరే తప్పు మాట్లాడాడని అనుమానం వస్తే దిద్దకూడదు, పక్కన గుర్తు పెట్టి పైవాళ్లకి పంపాలి. వాళ్లు డాక్టరును అడిగి తేల్చుకుంటారు. “అది చేతకానివాళ్ల రూలే” అనేది అక్క. పదహారేళ్లలో ఆమె ఒక్క ఖాళీ వదల్లేదు. ఇంటికి ఎవరొచ్చినా ఆ మాట చెప్పకుండా కాఫీ ఇవ్వనిచ్చేది కాదు.

మా ఆయన పోయాక నా గదిలో నాకు ఊపిరాడేది కాదు. కూరగాయలు తీసుకెళ్లి అక్క గదిలో ఒక మూల కూర్చుని తరుక్కునేదాన్ని. చెవులు నొప్పి పుడితే ఆమె హెడ్‌ఫోన్ల వైరు పీకేసి గొంతు పైకే పెట్టుకునేది. పెట్టకూడదట, రోగుల గుట్టు కదా. “నీకేం అర్థమవుతుందిలే” అనేది.

నిజమే, నాకా ఇంగ్లీషు రాదు. నా చదువు అయిదో తరగతితో సరి. కానీ లెఫ్టూ రైటూ తెలుసు. కామా, ఫుల్‌స్టాప్ ఆ గదిలో వినీ వినీ వచ్చాయి. ఎక్కువగా వినిపించేది ఒక ఎముకల డాక్టరు గొంతు. అక్క పనిలో ముప్పాతిక ఆయన రిపోర్టులే. పెద్దాయన. ఫుల్‌స్టాప్ అన్నాడంటే గోడకి మేకు కొట్టినట్టు ఉండేది.

ఒకరోజు మేకు దిగలేదు. వాక్యం మధ్యలో ఆగిపోయాడు. నాలుక అంగిట్లో వెతుక్కునే చప్పుడు. లెఫ్ట్ అన్నాడు, రైట్ అన్నాడు, మళ్లీ లెఫ్ట్ అన్నాడు.

ఆ చప్పుడు నాకు తెలుసు. మా ఆయన తాళంచెవి చేతిలో పట్టుకుని “అదీ... అదీ...” అనేవాడు. “తాళంచెవి” అని నేను అందించేదాన్ని. చుట్టాల ముందు ఆయన మాటలు నేనే పూర్తిచేసి, బాగా అలసిపోయాడని చెప్పేదాన్ని. అలా ఏడు నెలలు అందించాను. తలలో గడ్డ అని బయటపడేసరికి డాక్టర్లు చేతులెత్తేశారు.

“అక్కా, ఈ డాక్టరుగారికి ఒంట్లో బాగాలేదు. మీ ఆఫీసులో చెప్పు” అన్నాను.

“వచ్చింది అయిదో తరగతి డాక్టరమ్మ!” అంది తల తిప్పకుండానే. తర్వాత పెడలు మీంచి కాలు తీసింది. “ఇంత తెలిసినదానివి, నీ మొగుడి మాట తడబడుతుంటే చూస్తూ కూర్చున్నావేం?”

నేను బీన్స్ తరుగుతూనే ఉన్నాను.

“ఆయన సంగతి నాకు తెలియదనుకున్నావా?” అంది మళ్లీ తనే. “నెలల తరబడి వింటున్నాను. ఆయన్ని ఆపేస్తే ఈ పని పోతుంది, నన్ను మళ్లీ కొత్తవాళ్ల పక్కన కూర్చోబెడతారు. నేను దిద్దినన్నాళ్లూ ఏ రోగికీ ఏమీ కాదు. పో, పొయ్యి మీద ఏదో మాడుతోంది.”

పొయ్యి మీద ఏమీ లేదు.

ఆ తర్వాత అక్కకి నాలుగు రోజులు జ్వరం వచ్చింది. ఆయన రిపోర్టులు ఆఫీసులో ఇంకో అమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయి రూలు ప్రకారం చేసింది. సూపర్‌వైజరు ఫోన్ చేశాడు.

“మేడమ్, మీ డాక్టరుగారి రిపోర్టుల్లో పదకొండు ఖాళీలు వచ్చాయండీ. లెఫ్టూ రైటూ కలగాపులగం చేస్తున్నారని ఆ అమ్మాయి గుర్తు కూడా పెట్టింది. నిజమేనంటారా?”

“నా రిపోర్టుల్లో ఎప్పుడైనా చూశారా?”

“లేదండీ.”

“మరి లోపం గొంతులో ఉందా, చెవిలో ఉందా?”

“చెవిలోనే లెండి” అని నవ్వాడు.

ఆ వారమే ఆ అమ్మాయిని తీసేశారు. పోయేముందు అక్కకి ఫోన్ చేసింది. “మేడమ్, ఒక్కటి చెప్పండి. మీకు నిజంగా అన్నీ వినపడ్డాయా?”

“చెవులు కడుక్కో అమ్మాయ్, ఇంకో ఉద్యోగానికైనా పనికొస్తాయి” అని పెట్టేసింది అక్క.

అప్పట్లో ఆ డాక్టరు దగ్గరికి ఒక బస్సు డ్రైవరు వస్తుండేవాడు. అతనికి ఎడమ మోకాలు అరిగిపోయింది. డాక్టరు రెండుసార్లు కుడి అన్నాడు, అక్క పాత రిపోర్టు చూసుకుని రెండుసార్లూ ఎడమ అని దిద్దింది. ఆమె దిద్దిందే నిజం. చివరికి ఆపరేషన్ అయింది, ఆ రిపోర్టు వచ్చింది. వైరు పీకే ఉంది, నేనూ విన్నాను. ఆ రోజు ఆయన గొంతులో వణుకు లేదు. నాలుగుసార్లు రైట్ అన్నాడు. చాలా రోజులకి మేకులన్నీ సరిగ్గా దిగాయి.

“మళ్లీ మొదలెట్టాడు ముసలాయన” అని నాలుగుచోట్లా లెఫ్ట్ అని కొట్టింది అక్క.

“అక్కా, ఇవాళ ఆయన తడబడలేదు.”

“నోర్మూసుకుని ఉల్లిపాయలు చూసుకో.”

పంపేసింది. నూటికి నూరు వచ్చాయి.

ఆయన నిజంగానే కుడి మోకాలు కోశాడు. ఏం కోశాడో అదే చెప్పాడు. డ్రైవరు మత్తు దిగి చూసుకుంటే బాగున్న కాలికి కట్టుంది. ‘ఇదేం అన్యాయం’ అని వాళ్లవాళ్లు అడిగితే, ఆసుపత్రివాళ్లు కాగితం తీశారు. కాగితంలో ఎడమ అనుంది. కట్టు ఒక కాలికి, రాత ఇంకో కాలికి. డాక్టరే దొంగరాత రాయించాడని అనుకుని రికార్డు తీసి విన్నారు. రైట్, రైట్, రైట్, రైట్. అప్పుడు దిద్దిన చెయ్యి దొరికింది. పాత రికార్డులన్నీ తవ్వి, అక్క దిద్దినవి లెక్కపెట్టారు. నూట నలభై మూడు.

సూపర్‌వైజరు మళ్లీ ఫోన్ చేశాడు. ఆ నవ్వినతనే.

“ఒక్క ఖాళీ వదిలుంటే ఆయన్ని ఎప్పుడో ఆపేవాళ్లం కదా!”

“పదకొండు వదిలిందిగా ఆ అమ్మాయి” అంది అక్క.

“చెవిలో లోపమని మీరే అనిపించారు” అన్నాడతను. ఈసారి మేడమ్ అనలేదు.

డాక్టరును జబ్బు మనిషని మర్యాదగానే ఇంటికి పంపారు. అక్కను అలా పంపలేదు. ఆఫీసువాళ్లు వచ్చి కంప్యూటరూ హెడ్‌ఫోన్లూ పెడలూ పట్టుకుపోయారు. ఇక ఏ ఆఫీసూ ఆమెను తీసుకోదట. డ్రైవరుకి ఇప్పుడు చెడిపోయిన కాలొకటి, చెడగొట్టిన కాలొకటి.

అక్క ఆ ఖాళీ బల్ల ముందే కూర్చునేది. కుడికాలు ఉత్తనేలను తొక్కుతూ ఉండేది. మూడో రోజు మధ్యాహ్నం నావైపు తిరిగింది.

“నీకు తెలుసు కదే. ఆ రోజు తడబడలేదన్నావు కూడా. నా చెయ్యి పట్టుకుని ఎందుకు ఆపలేదు?”

“చూస్తూ కూర్చున్నాను అక్కా” అన్నాను. “నాకు అలవాటేగా.”

ఆమె ఏదో అనబోయింది. మాట దొరకలేదు. పెదవులు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి.

ఆమెకి కావలసిన మాట ఏదో నాకు తెలుసు. అందించలేదు.