కళ్లతో చూసిన చుట్టాలకే నాకౌట్

మొన్న రాయదుర్గం మెట్రో స్టేషన్ కింద టీ తాగుతుంటే, మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకున్న ఇద్దరు కుర్రాళ్లు క్రికెట్ ప్లేఆఫ్‌ల గురించి తెగ వాదించుకుంటున్నారు. పట్టికలో పైనున్న జట్టు ఓడిపోతే దానికి ఇంకో అవకాశం ఇవ్వడం న్యాయమా కాదా అని గొడవ. నాకు నవ్వాగలేదు. నాయనలారా, మీవీ ఒక రూల్సేనా? మూసాపేటలో మా ఇంటి ఓనరు పెట్టిన రూలు మీకు తగిలుంటే తెలిసొచ్చేది!

డెబ్బైల మాట. ఈ రాయదుర్గం అప్పుడు రాళ్లగుట్ట. నేను గోదావరి వైపు నుంచి వచ్చి ఫ్యాక్టరీలో చేరి, మూసాపేటలో గది కిరాయికి తీసుకున్నాను. నాతో పాటు ఉండేవాడిది మదీనాగూడ. బస్సెక్కితే ఇల్లే గానీ, షిఫ్టు డ్యూటీల వల్ల గదిలోనే పడుండేవాడు. పక్క గదిలో ఇంకో ఇద్దరు బ్రహ్మచారులు. ఆదివారమొస్తే నలుగురమూ ఓనరు గారి క్యారంబోర్డు చుట్టూ చేరేవాళ్లం. క్యారమ్స్‌కి కాదు, పెన్సిల్ క్రికెట్‌కి. ఆరు పలకల పెన్సిలు మీద ఐదు పలకలకి పరుగులు, ఆరో పలకకి అవుటు చెక్కి, బోర్డు మీద దొర్లించడమే ఆట. అంపైరు ఓనరు గారు. బోర్డు ఆయనది కాబట్టి మారుమాట లేదు.

మొదట్లో అసలు క్రికెటర్ల పేర్లే పెట్టుకున్నాం. అందరికీ పేరున్న ఆ నలుగురే కావాలి, దాంతో రోజూ తగువు. చివరికి ఎవరి చుట్టాలతో వాళ్లు జట్టు కట్టుకోవాలని తీర్మానించాం. నా జట్టులో ఓపెనర్ మా నాన్నగారు, బడిపంతులు. మిగతా పదిమందీ బాబాయిలు, మేనమామలే. నా గదివాడి జట్టుకి ప్రాణం వాళ్ల నాయనమ్మ. ఏం మహిమో, ఆవిడ పేరు చెప్పి వాడు పెన్సిలు దొర్లిస్తే నాలుగులూ ఆరులూ వచ్చి పడేవి. మా నాన్నగారు మాత్రం వస్తూనే అవుటు. ఆదివారం తర్వాత ఆదివారం కన్నతండ్రి సున్నా కొట్టి వెళ్లిపోతుంటే కొడుకన్నవాడికి ఎలా ఉంటుందో చెప్పండి. అయినా మేనమామలు ఆదుకోవడంతో లీగులో నేనే మొదటివాణ్ణి. నాయనమ్మ ఒక్కతే ఆడితే సరిపోదు గనక వాడు నాలుగోవాడు. సెమీఫైనల్ మా ఇద్దరికీ పడింది.

అప్పుడు లేచింది పేచీ. నాకు అంతమంది మేనమామలున్నారంటే పక్క గదివాళ్లు నమ్మలేదు. ఓనరు గారు బీడీ ఆర్పి తీర్పిచ్చారు. "గివన్నీ నాకు తెల్వదు. నా కండ్లతోని చూసినోళ్లే నాకౌట్‌ల ఆడాలె. మన వాకిట్లకు రాని చుట్టం చుట్టమే కాదు."

మా వాళ్లలో ఆ వాకిట్లోకి వచ్చింది ఒక్క బాబాయి. అదీ ఏదో పని మీద పట్నం వచ్చి, టీ తాగి వెళ్లాడు. మదీనాగూడ వాడికేం, దవాఖానకు వచ్చినా, పెళ్లిబట్టలకు వచ్చినా ఊరు ఊరంతా మా గది మీదుగానే వెళ్లేది. నాయనమ్మ సంగతి సరేసరి. గంప నిండా సీతాఫలాలు తెచ్చి, ఒకటి విప్పి వాడి చేతిలో పెట్టి, తినేదాకా తల నిమురుతూ కూర్చునేది. తర్వాత నాకూ ఇచ్చేది, కాదనను. కానీ మొదటి పండు వాడికే! నాకు ఒళ్లు మండిపోయేది. వాడి పరుగులు చూసి అంత కుళ్లలేదు నేను. వాడికోసం ఒకళ్లు వస్తున్నారే, అందుకు కుళ్లి చచ్చేవాణ్ణి.

సెమీఫైనల్ రోజు పొద్దున్నే ఆవిడ దిగింది. నన్ను చూస్తూనే, "ఏంది బిడ్డా, మొకం గట్ల పెట్టుకున్నవ్?" అంది. ఓనరు గారు సంగతి చెప్పారు.

"మీ నాయన ఎందుకు రాడు?" అని నన్నడిగింది ఆవిడ.

"నేనీ ఉద్యోగంలో చేరడం ఆయనకి ఇష్టం లేదండి. ఆయన రాకపోతే మావాళ్లు ఎవ్వరూ రారండి."

ఆవిడ కొంగు దోపుకుని బోర్డు ముందు చతికిలబడింది. "అయితే ఇయ్యాల నేను ఈ పిలగాని దిక్కు ఆడుత."

"నాయనమ్మా! నువ్వు నా టీము!" అని మావాడు లేచి నిలబడ్డాడు.

"నీకు ఇంతమంది ఉన్నరు గదరా. గీనికి ఎవరున్నరు?"

ఓనరు గారు ఆలోచించారు. రూల్లో కళ్లతో చూసినవాళ్లని ఉంది గానీ ఎవరి చుట్టమో లేదు. చెల్లుతుందన్నారు. మావాడి మొహం మాడిపోయింది. నిజం చెప్పొద్దూ, ఆ మాడిన మొహం చూస్తే నాకు కడుపు నిండిపోయింది.

వాడి జట్టు ముందాడి ఓ మాదిరిగా కొట్టింది. నా జట్టులో మా బాబాయి తొందరగానే అవుటయ్యాడు. నాయనమ్మ పెన్సిలు ఎవరికీ ఇవ్వలేదు, తనే దొర్లించింది. ఒక నాలుగు, ఒక ఆరు, మళ్లీ ఆరు. గెలుపు అందేంత దూరంలో ఉండగా అవుటు పడింది. "అవుటైతే ఇగ ఆడొద్దా? గిదేం ఆట?" అని ఆవిడ కోప్పడింది. ఇంకో అవకాశం ఇద్దామా అని ఓనరు గారు మెత్తబడ్డారు గానీ మావాడు ఒప్పుకోలేదు. గెలిచాడు. గెలిచి కూడా వారం పాటు నాతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు వానలు వెలిశాక, సరిగ్గా నాకౌట్ రోజున, మా నాన్నగారు చెప్పాపెట్టకుండా గొడుగుతో వాకిట్లో నిలబడ్డారు. ఆయన చేతిలో సంచీ అందుకోవాలని కూడా నాకు తోచలేదు. ఆయన కాళ్లు కడుక్కుని కూర్చున్నారో లేదో, మావాడు పెన్సిలు పట్టుకుని ముందుకొచ్చాడు. "సార్, జర నా దిక్కు ఆడుతరా?"

"దానికేం బాబూ, అలాగే" అన్నారు నాన్నగారు.

నా ఓపెనర్‌గా ఏనాడూ ఒక్క పరుగు తియ్యని మనిషి, వాడి కోసం ఆరు మీద ఆరు దొర్లించారు! వాడు ఎగిరి గంతేసి ఆయన్ని కావలించుకున్నాడు. ఆయన నవ్వుతూ వాడి వీపు తట్టారు. నా వీపు ఎప్పుడు తట్టారో నాకు గుర్తులేదు. ఏడుపొచ్చేంత కుళ్లొచ్చింది. ఆ నవ్వు మా గదిలో వినపడుతున్నందుకు అంతే సంతోషమూ వేసింది.

ఇప్పుడు ఓనరు గారూ లేరు, నాయనమ్మా లేదు, నాన్నగారూ లేరు. వాడూ నేనూ ఫోన్లో మాట్లాడుకుంటాం, ఎవరి మోకాళ్ల నొప్పి పెద్దదో పోటీ పడతాం. కానీ ఒకడి మీద ఒకడు కుళ్లుకుందామన్నా మా గుమ్మాల్లోకి వచ్చేవాళ్లు ఎవరూ మిగల్లేదు. మా అసూయను కాలం అలా తీర్చేసింది.