పెట్రోలు పంపు, నాయిన చెవి

మొన్న చిక్కడపల్లి సందులో నడుస్తుంటే ఏదో దుకాణంలోంచి మాడిన వార్నిష్ వాసన వచ్చింది. కాలిపోయిన మోటారు వైండింగ్ వాసన అది. నాకు మాత్రం మా నాయిన చొక్కా వాసన.

నాయిన పెట్రోలు బంకుల్లో పంపుల మోటార్లు బాగుచేసేవాడు. తొంభైల్లో అశోక్‌నగర్‌లో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. మంచం పట్టిన అమ్మమ్మను చూసుకుంటూ అమ్మ అంబర్‌పేటలోనే ఉండిపోయి ఆదివారాలు మాత్రమే వచ్చేది గనక, మిగతా ఆరు రోజులూ ఇంట్లో నాయినా నేనే. మోటారు మొరాయిస్తే ఆయన వెంటనే విప్పేవాడు కాదు. స్క్రూడ్రైవర్ మొనను మోటారుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. బెల్టు జారుతోందా, బేరింగ్ అరిగిందా, అంతా ఆ చెవికే తెలిసేది.

నేను ఐదో తరగతి చదివిన ఏడు నాయిన నాతో మాట్లాడటం తగ్గించాడు. వానాకాలంలో రేకుల మీద చినుకులు దరువేస్తుంటే వెనకనుంచి "నాయినా" అని పిలిచినా పలికేవాడు కాదు. బతుకమ్మ రోజుల్లో పక్కింటి అక్క ఇచ్చిన సత్తుపిండి ముద్ద చేతిలో కరుగుతుంటే, తంగేడు పూల పచ్చివాసనా వాకిట్లో చప్పట్లూ రమ్మంటుంటే, "నేనూ పోయి ఆడుకుంట" అని అడిగాను. ఆయన తల తిప్పకుండా రాగి తీగ చుట్టుకుంటూ ఉండిపోయాడు. నేనేదో తప్పు చేశాననుకున్నాను. అదేమిటో తెలియక, చెప్పకుండానే గిన్నెలు తోమాను, పాఠాలు పైకి చదవడం మానేశాను, చివరికి పిలవడమే మానేశాను. అమ్మకూ చెప్పలేదు.

ఒంటిపూట బడుల కాలంలో ఒక మధ్యాహ్నం నారాయణగూడలోని బడి నుంచి వస్తూ, బంకులో నాయిన సైకిల్ చూసి ఆగాను. ఆయన కరెంటు బందు చేసి, బెల్టు బిగించి, మళ్లీ కరెంటు వేసి, స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. ఇనుమును ఇనుము కొరుకుతున్నట్టు మోటారు కీచుమంటోంది. దూరంగా నిలబడ్డ నాకే పళ్లు జివ్వుమన్నాయి.

"అయిపోయింది సేటూ. ఇగ సల్లగ నడుస్తది," అన్నాడు నాయిన.

బంకు సేటు మోటారు వైపే చూస్తూ, "ఏందన్నా, గంత అరుస్తుంటే ఇనొస్తలేదా?" అన్నాడు.

నాయిన నవ్వుతూ తలూపాడు, మెచ్చుకుంటే ఊపినట్టు.

అప్పుడు తెలిసింది నాకు. ఇన్ని నెలలూ ఆయనకు నామీద కోపం లేదు. నా పిలుపే అందలేదు. పరుగెత్తుకెళ్లి ఆయన అరచేయి తీసుకుని మోటారు మీద పెట్టాను. ఆ అదురు తగలగానే నాయిన ముఖం పాలిపోయింది.

"బేరింగ్ పోయింది నాయినా," అన్నాను, ఎదురుగా నిలబడి.

ఆయన నా పెదాలనే చూస్తూ, "ఎవరికి చెప్పకు బిడ్డా. పని పోతది," అన్నాడు మెల్లగా.

సాయంత్రానికల్లా బేరింగ్ మార్చాడు. ఆ సేటు మళ్లీ పిలవలేదు. మిగతా బంకుల్లో అరచేత్తోనే జాడ పట్టి ఇంకొన్నేళ్లు పని చేశాడు. ఇంట్లో నేను ఎదురుగా కూర్చుని మాట్లాడటం నేర్చుకున్నాను.

ఇప్పుడా బంకు లేదు, బట్టల దుకాణం వచ్చింది. కొత్త బంకుల్లో మోటారు భూమిలో ట్యాంకులోనే మునిగి ఉంటుందట, పైకి చప్పుడే రాదు. నాయినా లేడు. ఒక్కటి మాత్రం ఆయన్ని ఎప్పుడూ అడగలేకపోయాను. ఆ ఏడంతా బిడ్డ ఎందుకు మాట్లాడటం లేదో తెలియక, తన తప్పేమిటా అని ఆయన కూడా వెతుక్కున్నాడేమో.