కుడి చెవికి రెండు వైర్లు

స్టూడియోలో అందరికీ ఆమె వైర్లక్క. నలభై ఆరేళ్ళుంటాయి. స్టూడియోకి రాకముందు పదకొండేళ్ళు వినికిడి యంత్రాలు బాగుచేసే దుకాణంలో పనిచేసింది. అది మూతపడ్డాక, తీగలు అతికే సోల్డరింగ్ వచ్చు కదా అని ఇక్కడ చేరింది. గాజు అద్దానికి అవతలి గదిలో పాడేవాళ్ళు, ఇవతల సంగీత దర్శకుడు. ఇక్కడ మోగే పాట వాళ్ళ హెడ్‌ఫోన్లలోకి వెళ్ళాలి, ఆయన బటన్ నొక్కి మైకులో చెప్పే మాటా వాళ్ళకు వినపడాలి. ఆ తీగలన్నీ కలిపేది ఆమే.

"లోకానికంతా వినిపిస్తావు, నేను పిలిస్తే మాత్రం పలకవు" అని బస్సు నడిపే భర్త ఆటపట్టించేవాడు.

"హారను కొట్టినట్టు కాకుండా కాస్త మనిషిలా పిలువు, పలుకుతాను" అనేది ఆమె.

ఆ ఏడు స్టూడియోకి కొత్త హెడ్‌ఫోన్లు వచ్చాయి. పాత వాటిలో అన్నీ కలిసి రెండు చెవుల్లోనూ వినపడేవి. యువకుడైన సంగీత దర్శకుడు వచ్చి, "అక్కా, ఎడమ చెవిలో వాయిద్యాలు, కుడి చెవిలో పాడేవాళ్ళ గొంతులు విడివిడిగా వచ్చేలా చెయ్యండి, శ్రుతి బాగా పట్టుకుంటారు" అన్నాడు. ఆమె అలాగే కలిపింది, మైకు మాట మాత్రం రెండు చెవుల్లోనూ ఉంచింది. కోరస్ అమ్మాయిలు నలుగురూ సంబరపడ్డారు. ఐదో ఆవిడ, అందరూ పిన్ని అని పిలిచే పెద్దావిడ, హెడ్‌ఫోన్లు సర్దుకుంటూ ఉండిపోయింది.

పిన్ని ముప్ఫై ఏళ్ళుగా కోరస్‌లో పాడుతోంది. ఎన్నడూ తాళం తప్పి ఎరగదు. అలాంటిది ఆ వారం రోజులూ ఒక అర క్షణం వెనకబడుతూనే ఉంది. టేకు మీద టేకు అయింది. దర్శకుడు మైకులో ఓపిగ్గానే "ఇంకొక్కసారి అమ్మా" అన్నాడు. తరవాత పక్కనున్న సహాయకుడి వైపు తిరిగి, "ఈవిడ చెవులు ఇంట్లో పెట్టి వచ్చినట్టుంది. రేపట్నించి ఇంకొకర్ని చూడు" అన్నాడు.

ఆ బటన్ ఒకసారి నొక్కితే మళ్ళీ నొక్కేదాకా అలాగే ఉండిపోయేది. నొక్కి ఉందని చెప్పే ఎర్ర లైటు పది రోజుల కిందే మాడిపోయింది. రేపు మారుస్తాలే అంటూ వైర్లక్క రోజులు నెట్టుకొచ్చింది. ఇప్పుడు అద్దం అవతల ఐదుగురూ ఒక్కసారిగా తలెత్తారు. పిన్ని హెడ్‌ఫోన్లు తీసి స్టాండుకు తగిలించి వరండాలోకి వెళ్ళిపోయింది.

వైర్లక్కకు ప్రాణం చివుక్కుమంది. వెంటనే వెనకాలే వెళ్ళింది. పిన్నికి ఎడమ పక్కన నిలబడి "పిన్నీ" అని పిలిచింది. పలకలేదు. మళ్ళీ పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు. చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చి పిలిస్తే, అప్పుడు తల తిప్పింది. పదకొండేళ్ళు చూసిన సంగతే అది.

"ఎన్నాళ్ళయింది పిన్నీ, ఎడమ చెవి?"

పిన్ని ముఖం పాలిపోయింది. "నీకెవరు చెప్పారు? రెండేళ్ళయింది. బయటపెట్టకు తల్లీ. వినపడదని తెలిస్తే నన్నెవరు పిలుస్తారు?"

"ఎవరికీ చెప్పను. వాయిద్యాలన్నీ ఆ ఎడమ చెవికే పంపింది నేను. పాట వినపడకుండా మీరు మాత్రం ఎలా పాడతారు? పావుగంట ఆగండి, వెళ్ళిపోకండి."

పనిముట్ల పెట్టె తీసుకుని పాడే గదిలో నేల మీద కూర్చుంది. పిన్ని నిలబడేచోటి వైరు విప్పి, ఎడమకు వెళ్ళే పాటనూ కుడికి వెళ్ళే గొంతులనూ కలిపి, రెండూ కుడి చెవిలోకే వచ్చేలా అతికింది. టంకం రెండుసార్లు జారింది.

తరవాత దర్శకుడి దగ్గరకు వెళ్ళింది. "తప్పు ఆవిడది కాదండీ. నా వైరింగుది. ఆవిడకు వాయిద్యాలు అందట్లేదు. ఇంకొకటి, మీరు ఇందాక అన్న మాట లోపల అందరికీ వినపడింది. లైటు మార్చకపోవడం కూడా నా తప్పే."

అతను అద్దం వైపు చూశాడు. పిన్ని తిరిగి వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే బటన్ నొక్కి, "అమ్మా, నేను ఇందాక…" అని మొదలుపెట్టాడు.

"ఆ మైకు ఆపేసి, లోపలికొచ్చి చెప్పండి బాబూ" అంది పిన్ని.

అమ్మాయిలు నవ్వు ఆపుకోలేకపోయారు. అతను కుర్చీలోంచి లేచి, అద్దం తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. గొంతు తగ్గించి ఏం చెప్పాడో ఇవతల వినపడలేదు. పిన్ని అతని భుజం తట్టడం మాత్రం కనపడింది. ఆ తరవాత మొదటి టేకే ఓకే అయింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందే వైర్లక్క ఆ బటన్ పీకేసి, వేలు తీస్తే ఆగిపోయేది బిగించింది. పిన్ని చెవి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలలకు పిన్నే అందరి ముందూ చెప్పేసింది. పని పోలేదు. ఇంకో ఆరేళ్ళు పాడింది. కొత్త దర్శకుడెవరొచ్చినా, "నాకు కుడి చెవి ఒక్కటే, మా వైర్లక్కను అడిగి మొదలెట్టండి" అనేది దర్జాగా.

అది విన్నాకనేమో, ఒక మధ్యాహ్నం డ్రమ్స్ వాయించే ఆయన వైర్లక్క గదికి వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి, "అక్కా, నాకూ ఈమధ్య సన్నటి శబ్దాలు సరిగ్గా తెలియట్లేదు" అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె స్టూలు మీది వైర్లు పక్కకు తీసింది.

"కూర్చోండి అన్నయ్యా. ఏది వినపడుతోందో, ఏది పోతోందో నిదానంగా చెప్పండి."