నాకే వస్తాయి మంత్రాలు

నేను రాసిన నవలలో పదిహేనేళ్ల పిల్ల ఒకతి నేలకు చెవి ఆనించి, లోపల నీళ్లు ఎటు పోతున్నాయో వింటుంది. ఎండిపోయిన బోరు పక్కన కూర్చుని పిలిస్తే నీళ్లు పైకి వస్తాయి. తనకు ఆ శక్తి ఉందని తెలిసిన రోజు ఆ పిల్ల భయపడదు. అది నమ్మేలా లేదని చదివినవాళ్లు కొందరు అన్నారు. నాకు పద్నాలుగేళ్లప్పుడు జరిగింది వాళ్లకు తెలియదు.

మాది మహబూబాబాద్ దగ్గర ఒక తండా. ఇంట్లో, వాడలో లంబాడీ మాట్లాడుకుంటాం. తండా దాటితే తెలుగు. తండాలో అనుకున్న మాటలను ఇక్కడ మా తెలుగులోకి మార్చి రాస్తున్నాను.

మేం నాన్నను బాపు అని, ఆయన తల్లిని దాది అని అంటాం. దాదికి ఆకు పసర్లు తెలుసు. ఎవరికి కామెర్లు వచ్చినా, పిల్లలకు కడుపునొప్పి లేచినా మా వాకిట్లోకే వచ్చేవాళ్లు. ఆకులు నూరేటప్పుడు ఆమె పెదవులు కదిలేవి. ఏదో మంత్రం చదువుతోందని అందరూ అనుకునేవాళ్లు. ఒకసారి పక్కన కూర్చుని విన్నాను. ఎన్ని ఆకులు వేసిందో లెక్కపెట్టుకుంటోంది.

ఆ వానాకాలం తండా అంతా జ్వరాలు. మూడిళ్ల అవతల ఉండే కాకా, అంటే బాపుకు వరసకు తమ్ముడు, తన అయిదేళ్ల బిడ్డను ఎత్తుకుని వచ్చాడు. నాలుగు రోజులుగా జ్వరం దిగలేదు. దాది ఆ పిల్ల కళ్లు చూసి, కడుపు తడిమి, “గిది నా చేతుల లేదు బిడ్డా. దవాఖానకు తీస్కపోండ్రి” అంది.

ఆ మాట వాడలో తిరిగి తిరిగి ఇంకోలా అయింది. పిల్లకు చేతబడి ఎవరు చేశారో ముసలమ్మకు తెలుసట. అందుకే చేతులెత్తేసిందట. జ్వరానికి ముందురోజు ఆ పిల్ల మా పెరట్లో జామకాయ తిన్నదని ఎవరికో గుర్తొచ్చింది. దాంతో చేసింది ముసలమ్మే అయింది.

మర్నాడు పొద్దున పదిమంది మా ఇంటి ముందుకు వచ్చారు. బాపు భూపాలపల్లిలో బొగ్గు పనికి పోయి ఉన్నాడు. అమ్మ పత్తి చేలో కలుపుకు వెళ్లింది. ఇంట్లో దాది, నేను.

“ముసల్దాన్ని బయటికి పిలువు” అన్నాడు కాకా.

“ఎందుకు కాకా?”

“నా బిడ్డకు చేసింది తియ్యాలె. తియ్యకుంటే గుంజకు కట్టేస్తం.”

వెనక దాది కొంగు సర్దుకుని లేచిన చప్పుడు వినిపించింది. ఆమె బయటికి రావడానికే లేచింది. నేను గుమ్మానికి రెండు పక్కలా చేతులు ఆనించి నిలబడ్డాను. భయమేసింది. నోటికి వచ్చింది అనేశాను.

“దాదికేం రావు. మంత్రాలొచ్చేది నాకు.”

“ఏంది?”

“జామకాయ తెంపిచ్చింది నేనే. చేసింది గూడ నేనే. ఇప్పుడు ఎవలు గడప దాటుతరో దాటుండ్రి, జూస్త.”

ముందున్న ఇద్దరు వెనక్కి అడుగు వేశారు. తర్వాత మిగతావాళ్లు. నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని ఆడించినవాళ్లు నా కళ్లలోకి చూడకుండా తల తిప్పుకున్నారు. అప్పుడు నాకు భయం పోయింది. వాళ్ల భయం నా చేతిలో ఉందని తెలిసింది. దాంతో ఏం చేయాలో కూడా తెలిసింది.

“కాకా, నీ బిడ్డ బతకాలంటే ఇప్పుడే దవాఖానకు తీస్కపో. సూది ఎక్కితేనే నేను చేసింది ఇడుస్తది. పొద్దు గుంకేదాంక ఇంట్లనే ఉంచితే నాతోని గూడ కాదు.”

ఆటో అప్పటికప్పుడు వచ్చింది. మహబూబాబాద్‌లో డాక్టరు డెంగీ అన్నాడు. వారం తర్వాత ఆ పిల్ల నడిచి ఇంటికి వచ్చింది.

వాళ్లు వెళ్లిన వెంటనే దాది నా చెంప మీద ఒక్కటి వేసింది. నన్ను ఆమె కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు. “నన్ను కట్టేస్తే రెండు దినాలకు మరిచిపోదురు. నిన్ను బతుకంత ఇడువరు” అని ఏడ్చింది.

ఆమె అన్నట్లే అయింది. బడిలో నా బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. నా డబ్బాలోని పల్లీలు ఎవరూ ముట్టలేదు. ‘మంత్రాలది’ అనే పేరు పడింది. మొదటి నెల ఏడ్చాను. తర్వాత మొండికేశాను. బెంచీ మొత్తం నాదే కదా అని పుస్తకాలు పరిచి కాళ్లు చాపుకుని కూర్చున్నాను. నిజంగానే నాకు వస్తే ఏం చేస్తాను అని ఆ బెంచీ మీదే రాయడం మొదలుపెట్టాను. జనగామలో ఇంటర్ చదువుతూ హాస్టల్లో మూడు లాంగ్ నోట్‌బుక్కులు నింపాను. అక్కడి పిల్లలకు నా పేరు సంగతి తెలియదు. పేజీల కోసం నా మంచం చుట్టూ చేరేవాళ్లు.

ఇప్పుడు భూపాలపల్లిలో టీచరుగా ఉన్నాను. నవలను మళ్లీ మొదటి నుంచి రాసి పట్నంలో ఒక ప్రచురణకర్తకు పంపాను. ఆయన ఫోన్ చేశారు.

“కథ చాలా బాగుందమ్మా. ఒక్కటే ఇబ్బంది. శక్తులున్న అమ్మాయి ఈ యాసలో మాట్లాడితే పాఠకులు నవ్వుతారు. ఆమె మాటలు మామూలు తెలుగులోకి మార్చండి. కథలో ఆమె స్నేహితురాలికి కావాలంటే ఈ యాస ఉంచుదాం, సరదాగా ఉంటుంది.”

“మార్చనండి” అన్నాను.

“తొందరపడకండి, ఆలోచించుకోండి.”

“మా దిక్కు నీళ్లకు గీ మాటే తెలుస్తది సార్. మీ మాటతోని పిలిస్తే పైకి రావు.”

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. ఆ పుస్తకం ఆయన వేయలేదు. హాస్టల్లో నా పక్క మంచం మీద పడుకున్న స్నేహితురాలికి జనగామలో చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. ఒక్క మాట కూడా మార్చకుండా తను వేసింది.

పుస్తకం తీసుకుని తండాకు వెళ్లాను. దాదికి లంబాడీలో చెబుతూ నాలుగు రోజులు చదివాను. వాకిట్లో కూర్చుని చదువుతుంటే మూడో రోజు కాకా వచ్చి నిలబడ్డాడు.

“గా పుస్తకంల మేం ఉన్నమా?”

“ఉన్నరు.”

“పేర్లు వెట్టినవా?”

“పెట్టలే.”

“మంచిగ రాసినవా, చెడ్డగనా?”

“మీరు వచ్చింది రాసిన. నువ్వు బిడ్డను ఎత్తుకోని ఆటోల కూసున్నది గూడ రాసిన.”

కాకా వెళ్లిపోయాడు. తప్పయిందని ఆ రోజూ అనలేదు, ఈ రోజుకూ అనలేదు.

తండాలో ఇంకా కొందరు మా ఇంట్లో మంచినీళ్లు తాగరు. నేను ప్రతి సెలవుకూ పోతూనే ఉంటాను. పోయినప్పుడల్లా వాళ్ల ఇళ్ల ముందు నుంచే నడుస్తాను, వాళ్లను వరస పెట్టి పలకరిస్తాను. పలికేదాకా కదలను.