పున్నారావు ఎక్కిన ఓడ

బడిపిల్లలకు యుద్ధం సంగతులు చెప్పాలని జ్యోతిర్మయి టీచరు అడిగి వెళ్లినప్పటి నుంచి యలమందయ్యకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నుంచుంటే నుంచోబుద్ధి కాలేదు. బడి గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద, డెబ్బై ఒకటి యుద్ధంలో అతను పనిచేసిన ఓడ పేరు వేశారు. దాని కిందే, ఆ యుద్ధంలో పోయిన స్నేహితుడు పున్నారావు ఓడ పేరు. రెండూ వేరు. పున్నారావు చెల్లెలు సామ్రాజ్యం రేపు ముందు వరసలో కూర్చుంటుంది. ఆమెకు చదువొచ్చు. చదివిందంటే యలమందయ్య యాభై ఏళ్ల అబద్ధం బయటపడుతుంది.

"ఏందయ్యా, కాలుగాలిన పిల్లిలాగా ఆ తిరుగుడు? వాకిలి అరిగిపోతా ఉంది," అంది భార్య కోటిరత్నం. "పాకిస్తానోళ్లకి భయపడనోడివి, పలకా బలపం పిల్లకాయలకి భయపడతన్నావా?"

"నీకు తెలవదులేవే."

తెలియకపోవడం ఆమె తప్పు కాదు. ఆమెకూ చెప్పలేదు.

అరవైతొమ్మిది ఎండాకాలంలో స్నేహితులిద్దరూ మిరపకాయల టిక్కీ బస్తాలు వేసుకున్న లారీ మీద గుంటూరు వచ్చారు. నేవీలోకి తీసుకుంటున్నారని ఎవరో అంటే పున్నారావే చెయ్యి పట్టుకుని లాగాడు. టిక్కీలు దించిన చేతులు కడుక్కోకుండానే వెళ్లి వరసలో నిలబడ్డారు. చెమట కారుతుంటే యలమందయ్య ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. డాక్టరు ముందుకు వెళ్లేసరికి కళ్లు నిప్పులు, ముక్కు ధార. తగ్గాక రమ్మని పంపేశారు. పున్నారావు ఆ విడతలోనే వెళ్లాడు, ఇతను ఆర్నెల్లకు. ఓడలు అందుకే వేరయ్యాయి.

యుద్ధమప్పుడు యలమందయ్య పని ఓడ అడుగున, బాయిలర్ల దగ్గర. పైన ఏం జరుగుతోందో కనబడేది కాదు. ఇనుపగోడ దడదడలాడితే అది మనవాళ్లు కొట్టిందో, అవతలివాళ్లు కొట్టిందో పక్కవాడి మొహం చూసి పోల్చుకోవాలి. ఆ పక్కవాడూ ఇతని మొహమే చూసేవాడు. రేవు చేరాక తెలిసింది, పున్నారావు ఓడ తిరిగి రాలేదని.

సెలవు మీద ఊరొచ్చినప్పుడు, ఇద్దరిదీ ఒకే ఓడ అనుకున్న పున్నారావు తల్లి ఒకటే అడిగింది. "పోయేటప్పుడు వాడి నోట్లో నీళ్లు పోశావా నాయనా?"

"పోశానమ్మా. నా ఒళ్లోనే పోయాడు."

ఇరవై ఏళ్లవాడి నోటికి అదే వచ్చింది. ఆ పూట ఆమె అన్నం తిన్నది. ఆమె పోయాక సామ్రాజ్యం ఏటా పున్నారావు తిథికి పిలిచి, అదంతా మళ్లీ చెప్పించుకునేది. చెప్పిన ప్రతిసారీ కొత్త ముక్కొకటి అతికించాల్సి వచ్చేది.

ఇక ఆగలేక యలమందయ్య సామ్రాజ్యం చేలోకి నడిచాడు. ఆమె నడుముకు కట్టిన ఒడి పత్తితో నిండి ఉంది.

"ఏం అన్నయ్యా, పత్తి తియ్యటానికొచ్చావా? పెన్షనోళ్లు వంగితే లేవలేరు."

నవ్వలేకపోయాడు. "అమ్మా, నేను మీ అన్న ఓడలో లేను. అప్పటికి వాణ్ణి చూసి ఏడాదైంది. నీళ్లు నేను పొయ్యలా."

ఆమె చెయ్యి ఒక కాయ మీద ఆగి, మళ్లీ కదిలింది. నాలుగు చెట్లు దాటింది. అతనూ సాలు వెంట నడిచాడు.

"అమ్మకి చెప్పావు, సరే. కన్నకడుపు. నాకెందుకు చెప్పావు ఏటేటా? చివర్లో నా పేరు తల్చుకున్నాడన్నావే, అదీ అబద్ధమేనా?"

"అబద్ధమే."

"సిగ్గులేదూ?" పక్క సాళ్లలో ఆడవాళ్లు తలలెత్తారు. "మరి వాడి పక్కన ఎవరున్నారు?"

"తెలవదమ్మా."

"ఆ ఓడలోంచి బతికొచ్చినోళ్లు ఒక్కళ్లన్నా లేరా?"

"కొందరున్నారు."

"ఇన్నేళ్లలో ఒక్కణ్ణన్నా అడిగావా?"

అడగలేదు. అడిగితే తను చెప్పింది చెడిపోతుందని అడగలేదు.

"కనుక్కో. కనుక్కునిందాకా నా వాకిట్లోకి రాబాక."

మర్నాడు బడికి అతను వెళ్లలేదు. పాత నావికుల సంఘానికి ఫోన్ చేసి మూడు చిరునామాలు రాయించుకున్నాడు. ముగ్గురిలో ఒకతను కిందటేడే పోయాడట, మిగిలిన ఇద్దరూ విశాఖలో ఉన్నారు. సింగరాయకొండ స్టేషన్లో విశాఖ వెళ్లే రైలు నలభై నిమిషాలు లేటన్నారు. బెంచీలు ఖాళీగానే ఉన్నా యలమందయ్య ప్లాట్‌ఫారం ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూనే ఉన్నాడు.