దొర రుచి చూడని నెత్తళ్లు

కావలి మార్కెట్లో మగ్దలీనమ్మ ఎండుచేపల బుట్టల పక్కన ఒక పసుపుచారల మగపిల్లి కూర్చునేది. దాని పేరు దొర. ఈగలు వాలకుండా చేపల మీద మందు చల్లుతారేమోనని కొనేవాళ్లకు అనుమానం. అందుకే ఆమె బేరం మొదలుపెట్టే ముందు అందరూ చూస్తుండగా నాలుగు నెత్తళ్లు, వేలెడంత ఎండుచేపలు, దొర ముందు పడేసేది. అది కరకర నమిలాకే తక్కెడ పట్టుకునేది.

"నా దొర ముట్టందే నేను అమ్మను" అనేది తల ఎగరేసి.

బోగోలు తీరంలోని ఇంట్లోనూ దొరకు అదే తిండి. నీళ్ల జోలికి పెద్దగా పోయేది కాదు.

మొన్న వేసవిలో దొర చేపలారబెట్టే ఇసుకలో మాటిమాటికీ గుంట తీసి కూర్చుని, ముక్కుతూ అరవసాగింది. ముల్లు అడ్డుపడి విరేచనం కావడం లేదనుకుని మగ్దలీనమ్మ ఆముదం పట్టించింది. కోడలు అబిగయీలు మాత్రం ఆ గుంటలు తడిమి చూసింది.

"అత్తా, ఇసక పొడిగానే ఉండాది. వాడికి ఆగింది దొడ్డి కాదు, ఉచ్చ."

"నీకేం తెలుసే? ఆముదాన్ని పని చెయ్యనీ."

"పొట్ట పట్టుకోని చూడు, రాయి మాదిరి ఉండాది."

పట్టుకుంది. ఎన్నడూ ఆమెను కరవని పిల్లి చేతిని కొరికింది. అత్తాకోడళ్లు దాన్ని బుట్టలో పెట్టుకుని ఆటో ఎక్కారు.

పశువుల డాక్టరు ప్రత్యూష పొట్ట నొక్కి చూసింది. "మగపిల్లికి మూత్రం వచ్చే దారి చాలా సన్నం. అందులో ఇసుకలాంటిది పేరుకుని మూసుకుపోయింది. ఆలస్యం చేసుంటే బతికేది కాదు. ఏం పెడతారమ్మా?"

"మా ఎండుచేపలే మేడం. మందనేది ముట్టదు మా సరుకు."

"మందు సంగతి కాదమ్మా. రోజూ ఉప్పుచేప, ఎండుతిండి, నీళ్లు తక్కువ. ఇక ముక్క కూడా పెట్టొద్దు."

మగ్దలీనమ్మ ముఖం గంటుపెట్టుకుంది.

మత్తిచ్చి సన్నటి గొట్టం వేస్తే నెత్తురు కలిసిన మూత్రం వచ్చింది. గొట్టం తీశాక పిల్లి తనంతట తాను పోస్తేనే గండం గడిచినట్టని డాక్టరు చెప్పింది. ఆ గొట్టం తీసేశాక దొరను ఒళ్లో పెట్టుకుని మగ్దలీనమ్మ ఆస్పత్రి వరండాలో కూర్చుంది. మధ్యాహ్నానికి చీర కుచ్చిళ్లు వెచ్చగా తడిశాయి.

"పోసినాడు! నా దొర పోసినాడు!" అని ఆమె వేసిన కేకకు మేకను పట్టుకుని నిలబడ్డ మనిషి ఉలిక్కిపడ్డాడు.

తర్వాత ఆమె మార్కెట్‌కు పిల్లి లేకుండానే వెళ్లింది. ఎవరైనా అడిగితే దొరకు జ్వరమొచ్చిందని చెప్పమని కోడలు నూరిపోసి పంపింది. పక్క అంగడి మాలకొండమ్మ మాత్రం ఊరుకోలేదు.

"ఏమక్కా, దొరగారు రాలేదే? నీ చేప ఆయనకే పడలేదంట గదా!"

కొనేవాళ్లు ఆగి చూశారు.

"పడలా" అంది మగ్దలీనమ్మ గట్టిగా. "పూటపూటా అదే పెట్టి వాడి ఉచ్చ ఆగేట్టు చేసింది నేనే. మీ ఇళ్లల్లో పిల్లులుంటే ఎండుచేపలు పెట్టబాకండి. పచ్చిచేప ఉడకేసి, నీళ్లతో పెట్టండి. మగపిల్లి ముక్కతా ఉంటే ఆముదం పొయ్యబాకండి, ఆస్పత్రికి ఎత్తకపోండి."

"మరి మందు చల్లలేదని ఎట్టా నమ్మేది?" అంది కొనేవాళ్లలో ఒకామె.

మగ్దలీనమ్మ గుప్పెడు నెత్తళ్లు తీసి నోట్లో వేసుకుంది. పాత ఖాతాదారు హజరత్తయ్య సంచి చాపాడు.

"సరేలే మగ్దలీనమ్మా, తూకం వెయ్."

"ఉండన్నా" అంది నిండిన నోటితో, "నమలనీ."